ఒకసారి ఇచ్చిన దారి

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా తాతగారు ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు, ఆ తర్వాత పురాణం చదవడం, అర్థం చెప్పడం నేర్పారు. ఆ చదువు నన్ను ఎన్నో కష్టాల్లో నిలబెట్టింది. అందుకు ఆయనకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. అదే చదువు మా వీధికి అడ్డం పడుతుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

రామచంద్రపురం శివారులో మాది పదకొండు ఇళ్ళ వీధి. ఒకప్పుడు వరిచేను. దాని సొంతదారైన రైతుగారు ప్లాట్లు వేసి అమ్మి, మధ్యలో ముప్పై అడుగుల దారి వదిలారు. వీధి చివరి ఇల్లు ఆయనదే. మేమంతా మున్సిపాలిటీకి ఇంటిపన్ను కడుతున్నాం. అయినా చెత్తబండి పాట పెట్టుకుని వచ్చి మా మలుపు దగ్గరే ఆగిపోతుంది. వీధి దీపం లేదు, మురుగుకాలవ లేదు. గట్టి వాన పడితే చేలల్లో నీళ్ళు, మా వాడకం నీళ్ళు కలిసి మోకాలి లోతు నిలుస్తాయి.

ఇన్నేళ్ళూ సర్దుకున్నాం. నడవడానికి దారంటూ ఉంది, అది చాలనుకునేదాన్ని. ఈ వేసవిలో మావారి కుడికాలి వేలికి పుండు పడింది. షుగరు. డాక్టరుగారు కట్టు కడుతూ, మురుగునీరు తగిలితే వేళ్ళతో ఆగదమ్మా, పాదం దాకా పోతుంది అన్నారు. రోజు విడిచి రోజు కట్టు మార్పించాలి. వీధిలో నీళ్ళుంటే ఆటో లోపలికి రాదు. ఆ పూట నుంచి నేను స్వామిని అడిగింది ఒక్కటే, వానలు ముదరక ముందే కాలవ పడాలని.

మా వార్డు సచివాలయానికి వెళ్ళాను. అక్కడ ప్లానింగు చూసే అమ్మాయి కుర్చీ వేసి కూర్చోబెట్టి, కంప్యూటరులో వెతికి చెప్పింది. "మీ రోడ్డు ఇంకా ఆ రైతు పేరు మీదే ఉందండి. ఆయన మున్సిపాలిటీకి దానపత్రం రిజిస్టరు చేసిస్తే వెంటనే పొక్లెయిన్ పెట్టి పచ్చి కాలవైనా తవ్విస్తాం. ప్రైవేటు స్థలంలో మేము పార కూడా వెయ్యకూడదు."

ఇంతేనా అని సంతోషపడ్డాను. రైతుగారు మంచి మనిషి, ఎవరికీ లేదనడం ఎరగరు. తిన్నగా ఆయన ఇంటికే వెళ్ళి చెప్పాను. ఆయన అంతా విని రెండు చేతులూ జోడించారు.

"అమ్మగారూ, ప్లాట్లు అమ్మిన్నాడే ఈ దారి మీకందరికీ ఇచ్చేశానండి. ఒకళ్ళకిచ్చింది తీసుకెళ్ళి ఇంకోళ్ళకి ఎలా ఇత్తానండి? కార్తీకంలో మీరే కదండీ చెప్పారు, అంతకి మించిన పాపం లేదని."

నిజమే. ఏటా కార్తీకమాసంలో మధ్యాహ్నం పూట మా వరండాలో పురాణం చదువుతాను. ఆయన మెట్టు మీద తువ్వాలు పరుచుకుని వింటారు. కిందటేడు, ఒకసారి దానం చేసినదాన్ని మళ్ళీ దానం చేస్తే వచ్చే దోషం గురించి అరగంట చెప్పాను. అందరూ శ్రద్ధగా వింటున్నారన్న ఉత్సాహంలో, పుస్తకంలో ఉన్నదానికంటే కాస్త ఎక్కువే చెప్పి ఉంటాను.

సంగతి వీధంతా తెలిసింది. ఎదురింటి అమ్మాయి నవ్వుతూనే, "పిన్నిగారూ, ఈసారి మురుగుకాలవ మాహాత్మ్యం చదవండి" అంది. నేనూ నవ్వాను గానీ, లోపలికి వచ్చి మావారి కట్టు చూసేసరికి ఆ నవ్వు నిలవలేదు.

రెండురోజుల తర్వాత పెట్టె తీసి మా రిజిస్ట్రేషన్ కాగితాలు ముందేసుకున్నాను. హద్దులు రాసిన చోట, దక్షిణం ముప్పై అడుగుల దారి అని ఉంది. మాకు అమ్మింది ఇంటి స్థలం మాత్రమే. దారి మాకు అమ్మినట్టు గానీ, ఇచ్చినట్టు గానీ ఎక్కడా ఒక్క ముక్క లేదు. ఆయన మమ్మల్ని నడవనిచ్చారు, అంతే. ఇవ్వలేదు కాబట్టి ఇప్పుడిస్తే దోషం లేదు. దేవుడికి దండం పెట్టుకుని ఆ కాగితం పట్టుకెళ్ళి ఆయనకు చదివి వినిపించాను.

ఆయన ఆ కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"అయితే ఇది ఇంకా నాదేనంటారా?" అన్నారు చివరికి.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. పదకొండు ఇళ్ళవాళ్ళు మాదే అనుకుని నడుస్తున్న దారిని నా నోటితో నేనే ఆయనకు తిరిగి అప్పజెప్పాను. అవునండి అన్నాను.

నాలుగు రోజులు ఆయన మా వైపు రాలేదు. ఆకాశం మూసుకుని ఉంటోంది. ఐదోనాడు ఉదయం ముగ్గు వేస్తుండగా, ఆయన ఎవరినో వెంటబెట్టుకుని వచ్చి వీధికి అడ్డంగా టేపు లాగించడం చూశాను. మొన్న రాత్రి పడిన జల్లుకే మలుపులో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆయన నా వైపు చూడలేదు. కొలతలు రాసుకుంటున్నారు. ఇంట్లోకి వచ్చి దీపం ముందు కూర్చున్నాను గానీ ఒక్క శ్లోకమూ పూర్తిగా నోట పలకలేదు. వీధిలో కంచె వేస్తే మావారిని ఎటు నుంచి తీసుకెళ్ళాలి, అదే ఆలోచన.

పదిగంటలకు ఆయనే వచ్చారు. మెట్టు మీదే కూర్చుని, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు.

"ఎంత ఇత్తున్నానో నాకు తెలియాలి కదండీ. అందుకే కొలిపించాను. సరిగ్గా ముప్పై కూడా లేదు, అటు చివర అడుగు తగ్గింది. నా ప్రహరీ లోపలికి జరిపి కట్టించుకుంటాను లెండి."

నాకు కళ్ళు నిండిపోయాయి. మంచంలోంచి మావారు లేవకుండానే నమస్కారం పెట్టారు. ఇంతలో రైతుగారు పంచాంగం తెమ్మన్నారు. "ఆషాఢం వచ్చేసింది. శ్రావణంలో మంచిరోజు చూసి చెప్పండి అమ్మగారూ, రాసిచ్చేద్దాం."

శ్రావణం అంటే ఇంకా నెల. బయట ఉరిమింది.

"దానానికి ముహూర్తం చూడక్కర్లేదండి. బుద్ధి పుట్టిన రోజే మంచిరోజు. రేపే వెళ్దాం" అన్నాను, పంచాంగం తెరవకుండానే.

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, సరేనండి అన్నారు. మర్నాడు సంతకం పెట్టారు. ఆ వారంలోనే పచ్చి కాలవ తవ్వారు. మావారి పాదం నిలిచింది. స్వామికి, రైతుగారికి, సచివాలయం అమ్మాయికి ఎన్ని దండాలు పెట్టినా తీరదు. నేను చెప్పింది శాస్త్రంలో ఉన్న మాటే. అయితే ఆ పూట అది ధర్మం తెలిసి చెప్పానో, మావారి కాలు చూసి చెప్పానో నాకే తెలియదు. ఈ కార్తీకంలో ఆయన మళ్ళీ వచ్చి మెట్టు మీద కూర్చున్నప్పుడు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చదివాను. అర్థం చెప్పమని అడిగితే, రెండుసార్లు ఆలోచించుకుని చెప్పాను.