చిన్నాయన నాతో చేయించిన ట్యాంకు

మా చిన్నప్పటి ఒక ఎండాకాలం... మిర్యాలగూడలో మా ఇంటికి చిన్నాయన పేరు మీద ఒక పార్సిల్ వచ్చింది.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. మిలిటరీలో ట్యాంకు నడిపేవాడు. ఏదో ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్లు పోయి, అంతకు మూడు నెలల ముందే ఇంటికొచ్చేశాడు. ఆ చెయ్యి ఎప్పుడూ తువ్వాలు కిందే ఉండేది. అందరితో కూర్చుని తినేవాడు కాదు... ముద్ద జారిపోతుందని లోపలి అర్రలో ఒక్కడే చెంచాతో తినేవాడు. ఎట్లా జరిగిందని ఇంట్లో ఎవరమూ అడగలేదు. అడిగితే మనసు కష్టపెట్టుకుంటాడని నాయనమ్మ అందరికీ ముందే చెప్పి పెట్టింది.

పార్సిల్ పంపింది ఆయనతో పనిచేసిన స్నేహితుడు. విప్పితే ట్యాంకు బొమ్మ అచ్చేసిన అట్టపెట్టె. లోపల మాత్రం ట్యాంకు లేదు... చట్రాలకు అంటుకుని ఉన్న చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు, ఒక గమ్ము ట్యూబు, ఏది ఎక్కడ అతికించాలో గీతలతో చూపించే కాగితం.

చిన్నాయన ఒక చక్రం తీసి అతికించబోయాడు. జారిపడింది. మళ్లీ తీశాడు... మళ్లీ జారింది. పెట్టె మూసి మంచం కిందికి తోసేశాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను ఆ పెట్టె బయటికి లాగి, నాన్న గడ్డం గీసుకునే బ్లేడుతో ఒక ముక్క కోస్తుంటే చూశాడు. తిడతాడనుకున్నాను. వచ్చి పక్కన కూర్చున్నాడు.

"బ్లేడు వద్దు బిడ్డా, యేలు తెగుతది. గోళ్లు తీసేది పట్టుకరా."

ఇక ఆ రోజు నుంచి ఆయన చెప్పేవాడు... నేను చేసేదాన్ని. నెయిల్ కట్టర్‌తో ముక్క వేరుచేయడం, గరుకు కాగితంతో అంచు రుద్దడం, అగ్గిపుల్ల కొనతో గమ్ము పెట్టడం. ఒక్కో చక్రం పెట్టాక అది గట్టిపడేదాకా కదపకూడదు. ఆ కాసేపు ఊరికే కూర్చోలేక ఆయన మాట్లాడేవాడు... ట్యాంకు లోపల ఎంత ఇరుకో, ఎండకి ఇనుము ఎట్లా కాలుతుందో, రొట్టెలో ఇసుక ఎట్లా కరకరలాడుతుందో. మూడు నెలల్లో మాతో అన్ని మాటలు మాట్లాడలేదు.

రంగు దగ్గర ఆగిపోయాం. మిలిటరీ రంగు మా ఊళ్లో ఏ దుకాణంలోనూ లేదు. బస్టాండు దగ్గర బోర్డులు రాసే పెయింటర్ ఉంటే, చిన్నాయన నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని అక్కడికి తీసుకెళ్లాడు. మిలిటరీ నుంచి వచ్చాక ఆయన బజారులోకి రావడం అదే మొదలు. సైకిల్ పట్టుకోవాలి కదా, ఆ చెయ్యి తువ్వాలు కింద లేదు.

పెయింటర్ ఆకుపచ్చలో పసుపు, కాస్త నలుపు కలుపుతూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"చెయ్యికేమైందన్నా?"

నేను గబుక్కున చిన్నాయన మొహంలోకి చూశాను. ఆయన మాత్రం మామూలుగానే చెప్పాడు.

"ట్యాంకు మూత పడ్డది. కింద మా బండిల పనిచేసే పిలగాడు తలకాయ బయటికి పెట్టి ఉండె... చెయ్యి అడ్డం పెట్టిన."

"పిలగాడు మంచిగున్నడా?"

"మంచిగనే ఉన్నడు. ఈ బొమ్మ వాడు పంపిందే."

పెయింటర్ ఖాళీ ఇంజెక్షన్ సీసాలో రంగు పోసి ఇచ్చాడు. ఇంట్లో ఎవరమూ అడగని మాట ఆయన ఎంత తేలిగ్గా అడిగాడో...

ఇంటికొచ్చి నాయనమ్మకు చెప్పాను. ఆ మధ్యాహ్నం ఆమె అందరి వరసలో చిన్నాయనకూ పీట వేసింది. ఆయన కాసేపు నిలబడి, వచ్చి కూర్చున్నాడు. మూడు వేళ్లతో కలిపిన ముద్ద జారి కంచంలో పడింది. నాయనమ్మ ఇంకాస్త పప్పు వేసి, మా నాన్నతో మా వీధిలోని తిరుపతమ్మ కొట్టు సంగతి మాట్లాడుతూనే ఉంది.

రంగు నేనే వేశాను. చివరికి పైభాగం, అదే ఫిరంగి గొట్టం ఉండే ముక్క, పెట్టేటప్పుడు ఆత్రంలో దానికీ గమ్ము రాశాను. అది ఊరికే పెట్టాలట, అప్పుడే అటూ ఇటూ తిరుగుతుంది. కరుచుకుపోయింది. ఎంత తిప్పినా కదల్లేదు. ఆయన స్నేహితుడు పంపింది పాడుచేశానని ఏడుపు ఆగలేదు.

చిన్నాయన ట్యాంకును అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పైది తిరగకుంటే ఏమైతది బిడ్డా? బండినే తిప్పుకుందాం."

ఆ వానాకాలమే ఆయన హాలియాలో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరాడు. తర్వాత సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ట్యాంకు మాత్రం ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది.

మొన్న మా అబ్బాయికి అలాంటిదే తెప్పించాం. గమ్ము అక్కర్లేదు, రంగు అక్కర్లేదు... ముక్కకు ముక్క నొక్కితే చాలు. గంటలో అయిపోయింది. గది తలుపు వేసుకుని వాడొక్కడే చేసుకున్నాడు.

ఏదో ఒకటి ఆరేదాకా పక్కపక్కన కూర్చునే తీరిక ఇప్పుడు మన ఇళ్లల్లో ఎక్కడుంది... మీ పక్కన అట్లా కూర్చున్న మనిషి ఎవరు? కింద రాయండి, చదువుకుంటాను.