బరాబర్ కుస్తీ

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట ముందే చెప్పేస్తే చదివేవాళ్లకూ హాయి, నాకూ హాయి. చాయ్‌లో చక్కెర తక్కువైనా కోపమే, బస్సు ఆగకుండా పోయినా కోపమే. కానీ నిజంగా కోపం తెచ్చుకోవలసిన మనిషి మీద, అంటే మా అన్న మీద, మూడు ఆదివారాల దాకా నాకు కోపమన్నదే రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే దానికే ఎక్కువ కోపం వస్తుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మూడు నాలుగేళ్లకు జరిగిన సంగతి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ మొదలైతే రోడ్డు పొడుగునా బండ్లు బారులు తీరేవి. బండ్లు తోలుకొచ్చిన రైతులు చెరుకు తూచే కాటా దగ్గర తమ వంతు వచ్చేదాకా ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడిగాపులు కాసేవాళ్లు. చేతిలో పని ఉండదు, ఎడ్లను విడిచి ఊరికి పోవడానికి ఉండదు. చెట్టు కింద పడుకొని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. ఆ జనాన్ని చూసి ఒక గుత్తేదారుకు బుద్ధి పుట్టింది. జాతరల్లో ఊరికే చూసే కుస్తీని టికెట్ పెట్టి చూపిస్తే ఎట్లా ఉంటుందని.

జాతర కుస్తీ సంగతి వేరు. కొబ్బరికాయ కోసం పిల్లల కుస్తీతో మొదలై, వెండి కడియం కోసం పహిల్వాన్ల కుస్తీతో ముగిసేది. చూసేవాడు ఎక్కడ నిలబడ్డా అడిగేవాడు లేడు. ఈయన ఖాళీ జాగా చుట్టూ గుడ్డ కనాతులు కట్టించి, ఒక గేటు పెట్టి, ముందు నాలుగు వరుసల బల్లలు వేయించాడు. బల్లకు ఒక రేటు, నేలకు ఒక రేటు.

జనం ఎప్పుడు వస్తారో, ఎందుకు వస్తారో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పాన్ నములుతూ నాకు పాఠం చెప్పేవాడు. సంత రోజు కుస్తీ పెట్టొద్దు, జనం బేరాల్లో పడతారు. నిజామాబాద్‌లో కొత్త సినిమా పడ్డ వారం పెట్టొద్దు. నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలిన రోజు అసలే పెట్టొద్దు, రైతు మడి విడిచి రాడు. ఇద్దరూ మన పహిల్వాన్లే అయితే సగం జనమే వస్తారు, ఒకడు సరిహద్దు అవతలి దెగ్లూరు మరాఠీవాడైతే రెండు దిక్కుల నుంచీ వస్తారు. ఇవన్నీ చెప్పి చివరికి అనేవాడు, "అన్నిటికంటె పెద్ద ముచ్చట గిది తమ్మీ. ఎవడు గెలుస్తడో ముందుగాల్నే తెలిస్తె, ఎవ్వడు రాడు." నా మొహం మీదే చెప్పాడు. నేను గంగిరెద్దులా తలూపాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాది మంచిదో కాదో గానీ చాలా పెద్ద నోరు. అందుకే నన్ను చాటింపుకు పెట్టుకున్నాడు. వారం పొడుగునా టాంగా ఎక్కి, రేకు గొట్టం నోటి దగ్గర పెట్టుకొని, బోధన్ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి అరిచేవాణ్ణి. ఎవరి కోసం అరిచానంటే మా అన్న కోసమే. బోధన్ తరఫున పట్టేది ఆయన, దెగ్లూరు తరఫున ఒక ఎర్రటి మీసాల పహిల్వాన్.

బాపు పోయాక మా ఇంటికి అన్నే పెద్ద. ఇంట్లో బర్రె ఇచ్చే పాలన్నీ ఆయనకే. మమ్మల్ని కన్న అవ్వా, నేనూ నల్ల చాయ్ తాగేవాళ్లం, అది మాకు గొప్పగానే ఉండేది. తెల్లవారక ముందే లేచి కుస్తీ నేర్చుకునే తాలీంలో మట్టి తవ్వి, మోర్తాడ్ నుంచి తెచ్చిన పసుపూ నూనే కలిపి, మట్టిని మెత్తగా పిసికేది నేను. సాధన అయ్యాక ఆయన ఒళ్లు పట్టేదీ నేనే. ఆ భుజాల్లో ఏ నరం ఎక్కడ పట్టేస్తుందో నా వేళ్లకు తెలుసు. ఇంతగా తెలిసిన మనిషి లోపల ఇంకో మనిషి ఉంటాడని నాకెట్లా అనిపిస్తుంది?

మొదటి ఆదివారం కుస్తీ అరగంటకు పైగా సాగింది. మా అన్న ధోబీపట్టు వేసి ఎత్తాడు, వాడు గాల్లోనే తిరిగి బోర్ల పడ్డాడు. వాడు మెడ పట్టి వంచాడు, అన్న మోకాలి మీద ఆగాడు. ఎవరి వీపూ మట్టికి తగల్లేదు. తీర్పు చెప్పే పెద్దాయన ఇద్దరినీ విడదీసి చేతులు పైకెత్తి, "బరాబర్!" అన్నాడు. సమానం అని. జనం గోల చేశారు, తేలేదాకా పట్టాలన్నారు. వచ్చే ఆదివారం తేలుతుందని గుత్తేదారు చెప్పాడు.

ఆ వారం అన్న ఒళ్లు పడుతూ అడిగాను, "ఈసారి కొడ్తవా అన్నా?"

"బరాబర్," అన్నాడు కళ్లు మూసుకొనే. మా దిక్కు బరాబర్ అంటే తప్పకుండా అని కూడా. నేను ఎగిరి గంతేశాను. ఊరూరా తిరిగి, ఈసారి కడియం బోధన్‌దే అని గొంతు చించుకున్నాను. రెండో ఆదివారం కనాతులు వెనక్కి జరిపి కట్టాల్సి వచ్చింది. కుస్తీ మళ్లీ తేలలేదు.

మూడో వారం అన్నను మళ్లీ అడిగాను, మళ్లీ "బరాబర్" అన్నాడు. ఆ వారం నేను చేయకూడని పని చేశాను. టాంగా మీద నిలబడి "మా అవ్వ తోడు, ఈసారి తేలుతది" అని ఒట్టు పెట్టాను. కడుపున పుట్టినవాడు అబద్ధం ఒట్టు పెడితే తల్లికి తగులుతుందని నమ్మే రోజులవి. నేను పూర్తిగా నమ్మేవాణ్ణి.

చాయ్ హోటల్లో నా దోస్తు, చిన్నప్పటి నుంచి కలిసి తిరిగినవాడు, మెల్లగా అన్నాడు. "అరే, గింత పిచ్చోనివేందిరా? అది లాలూచీ కుస్తీ. ఇద్దరు మాట్లాడుకొనే పడుతుండ్రు." వాడి మాట పూర్తికాకముందే చెంప మీద కొట్టాను. చేతిలో కప్పు జారి వాడి ధోతి మీద పడింది. వాడు తిరిగి కొట్టలేదు, ధోతి దులుపుకొని లేచి పోయాడు. మా అన్న పరువు కాపాడానని ఆ రోజంతా ఛాతీ విరుచుకొని తిరిగాను.

మూడో ఆదివారం బల్లల మీద కూర్చున్నవాళ్లకంటే బల్లల మధ్య నిలబడ్డవాళ్లే ఎక్కువ. అప్పుడూ బరాబరే. ఇంటికి పోయి అవ్వ మొహంలోకి చూడలేకపోయాను. నాలుగో కుస్తీలోనైనా అన్న గెలిస్తే నా ఒట్టు ఆలస్యంగానైనా నిజమవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను.

బుధవారం చాటింపు కోసం కందకుర్తి దిక్కు పోయాను. అన్న ఆ వారం మేనమామ చేను కాడ ఒంటరిగా సాధన చేస్తానని చెప్పి వెళ్లాడు. మధ్యాహ్నం గుర్రానికి నీళ్లు పట్టిద్దామని టాంగా ఆపి, నేను ఏటి ఒడ్డుకు దిగాను. మంజీర గోదావరిలో కలిసే చోట ఇసుక తిన్నె మీద ఇద్దరు కుస్తీ పడుతున్నారు. ఒకరు మా అన్న. రెండోవాడు ఎర్ర మీసాల దెగ్లూరువాడు.

పడుతున్నారు అన్నాను గానీ, పడటం లేదు, నేర్చుకుంటున్నారు. "నేను ఎత్తుత, నువ్వు ఎడమ దిక్కు తిరుగు," అంటున్నాడు అన్న. వాడు తిరిగి పడ్డాడు. "ఉహూ, జల్దీ పడ్డవు. జనం ఊపిరి బిగపట్టినంక పడాలె." మళ్లీ ఎత్తాడు. ఈసారి సరిగ్గా కుదిరింది, ఇద్దరూ పగలబడి నవ్వారు. పక్కన గుడ్డ మీద జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, ఇద్దరికీ కలిపి ఒకే పళ్లెం.

నన్ను చూసి దెగ్లూరువాడు మరాఠీలో రా, తిను అన్నాడు, ఎంతో మర్యాదగా. అన్న మాత్రం నవ్వడం ఆపాడు.

"గిదేందన్నా?" అన్నాను. నా పెద్ద నోట్లోంచి వచ్చింది అంతే.

"కూసో," అన్నాడు. "నేను గెలిస్తె ఏమైతది? గా పొద్దుతోనే ఖతం. ఓడితె నన్నెవడు సూడొస్తడు? తేలకుంటెనే మళ్ల మళ్ల వస్తరు. పహిల్వాన్‌గిరి ఎన్నేండ్లుంటదిరా? మోకాలు పోతె నన్ను చెరుకు బండి గూడ ఎక్కించుకోరు."

"మరి నాకెందుకు అబద్ధం చెప్పినవు? అవ్వ మీద ఒట్టు పెట్టిన కద!"

అన్న నా మొహంలోకి సూటిగా చూశాడు. "అబద్ధమెక్కడ చెప్పిన? నువ్వడిగినప్పుడల్లా బరాబర్ అనే చెప్పిన కద."

అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత? వెనక్కి చూడకుండా ఒడ్డు ఎక్కాను. ఏడ్చాను కూడా, దాచడమెందుకు. కుస్తీ అబద్ధమైనందుకు కాదు. దేశం మొత్తానికి చెప్పకపోయినా పరవాలేదు, నాకు చెప్పి ఉండాల్సింది. చెబితే నేను అంత బాగా అరవలేనని ఆయన లెక్క. నా నమ్మకాన్ని టాంగాకు కట్టి ఊరేగించాడు.

ఆ వారం మళ్లీ చాటింపుకు టాంగా ఎక్కలేదు. చాటింపు లేకపోయినా ఆదివారం జనం ఎగబడి వచ్చారు. నేను గేటు పక్కన ఆగిన ఒక బండి ఎక్కి, రేకు గొట్టం లేకుండానే అరిచాను. "పోకుండ్రి! ఇది లాలూచీ కుస్తీ! కందకుర్తి కాడ ఇద్దరు కలిసి సాధన చేస్తుంటె నా కండ్లతోని చూసిన! మా అన్ననే మోసం చేస్తుండు!"

వరుసలో ఉన్నవాళ్లు తలలు తిప్పి నన్ను చూశారు. తర్వాత ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ నవ్వు వరుస పొడుగునా పాకింది. ముందున్న తలపాగా ముసలాయన నా చెయ్యి పట్టి కిందికి దింపాడు.

"మాకెరుకే కొడుకా," అన్నాడు. "జర జరుగు, ముంగట జాగ దొరకది."

"ఎరుకైతె ఎందుకొస్తుండ్రు?"

"రాకుంటె ఏం జెయ్యాలె? కాటా కాడ చెరుకెండుతుంది, దాన్ని సూసుకుంట కూసోవాల్నా? ఈడికొస్తె జరసేపు అరుస్తం, నవ్వుతం. ఇగ ఏమెరుక, ఈ పొద్దు నిజంగనే తేలొచ్చు." అడుగు ముందుకేసి, మళ్లీ ఆగాడు. "నువ్వు మా ఊరికొచ్చి అవ్వ తోడని అరిచినవు సూడు, గప్పుడైతె నిజమే అనిపించింది. మస్తుగ అరిచినవు బిడ్డా."

ఆయన వెనకాల నా దోస్తు నిలబడి ఉన్నాడు. తప్పైందని వాడికి చెప్పాలని నోరు తెరిచాను. వాడు నన్ను చూడనట్టే చూసి, టికెట్ చూపించి లోపలికి పోయాడు. బోధన్ మొత్తానికి తెలిసిన సంగతి తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. కనాతు అవతల జనం హో అని అరుస్తుంటే, ఇవతల ఎడ్ల మధ్య కూర్చొని విన్నాను.

పొద్దు గుంకకముందే అన్న ఇంటికి వచ్చాడు. తలుపు దగ్గర కూర్చున్న నా పక్కనే చెప్పులు విడిచాడు. కొడతాడేమో, కొడితే నేనూ తిరిగి కొడదామని పిడికిలి బిగించాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"గేటు కాడ లొల్లి పెట్టినవంట కద," అన్నాడు. "మంచిగైందిరా. వాపస్ పోయెటోళ్లు గూడ లాలూచీనో కాదో కండ్లార సూస్తమని టికెట్ కొనుక్కొని లోపటికొచ్చిండ్రు. వచ్చే ఆదివారం గూడ గట్లనే అరుస్తవా అని గుత్తేదారు అడగమన్నడు."