మేకను నా చుట్టూ తిప్పిన రోజు

మా ఊళ్ళో తిప్పడం అంటే చిన్న మాట కాదు. ఉదయగిరి కొండ కింద ఉండాది మా ఊరు. గొర్రెలూ మేకలే మా జీవనం. సంతలో కొత్త జీవాన్ని కొని తోలుకొచ్చినామంటే నేరుగా దొడ్లోకి వదలం. చెవి పట్టుకొని వాకిట్లో రోలు చుట్టూ మూడుసార్లు నడిపించి, అరచేతిలో రవ్వంత ఉప్పు పోసి నాకిస్తాం. దాన్నే తిప్పడం అంటాం. ఆ పని అయినాక ఆ జీవం కొండలో తప్పిపోయినా పొద్దు గూకేలోపల మా వాకిట్లోకి వచ్చి నిలబడతాది. పక్కింటోళ్ళు గూడా కొత్తది కనపడితే అది ఏ ఊరిదని అడగరు, "తిప్పినావా?" అనే అడగతారు.

ఆత్మకూరుకు కాపరానికి వచ్చినాక ఆ మాట వాడకం వేరేగా ఉండాది. ఇక్కడ మొగుడు పెళ్ళాన్ని బండి మీద తిప్పతాడు, ఆఫీసోళ్ళు పాసుబుక్కు కోసం మనుషుల్ని తిప్పతారు. వచ్చిన కొత్తలో మా అత్త అడిగింది.

"ఏమే, మీవైపు కొత్త జీవాన్ని రోలు చుట్టూ తిప్పతారంట గదా. నిన్ను గూడా తిప్పమంటావా?"

"మీకుండేది మిక్సీ గదత్తా. దాని చుట్టూ తిరిగితే వైరు కాలికి తగులుకుంటాది."

ఆమె ఆ మాట వీధంతా చెప్పుకొని నవ్వింది. నేనూ నవ్వినాను గానీ, మనసులో మా ఎర్రమేక మెదిలింది.

అది పెళ్ళికి రెండేళ్ళ ముందు మా ఇంటికి వచ్చింది, పిల్లమేక. ఆ పొద్దు అమ్మ రోటి ముందర కూర్చొని మినప్పప్పు రుబ్బతా ఉండాది. నాయన మేక చెవి పట్టుకొని వచ్చి నిలబడినాడు.

"లెయ్యి, మూడు చుట్లు తిప్పేస్తాను."

"నేను లెయ్యను. పప్పు సగంలో ఉండాది. నీ మేకకు బస్సు టైమైందా?"

నాయనకు ఓపిక తక్కువ. పక్కన చాట పట్టుకొని ఉండిన నన్ను చూసి, "పాపా, కదలబాకు" అని దాన్ని నా చుట్టూ మూడుసార్లు తిప్పేసినాడు. ఉప్పు గూడా నా చేతిలోనే పోసి నాకించినాడు. అమ్మ పొత్రం ఆపి చూసింది.

"ఏందయ్యా ఆ పని. రోలు ఇంట్లోనే ఉంటాది. పిల్ల ఉంటాదా?"

"పిల్ల అత్తారింటికి పోయేటప్పుడు మేకను మళ్ళీ రోలు చుట్టూ తిప్పతాలే."

ఆ రెండేళ్ళూ మేక నన్ను వదల్లేదు. బోరింగు కాడికి పోతే వెనకే వచ్చేది. నేను పెడితేనే తినేది. నాకది గొప్పగా ఉండేది. ఇంకెవురన్నా ఆకు పెట్టబోతే "నా చేత్తో అయితేనే తింటాది" అని లాక్కునేదాన్ని. అందుకని తప్పంతా నాయనదే అని అనలేను.

పెళ్ళైన నెలకు నాయన ఫోన్ చేసినాడు. "పాపా, మేక మేత ముట్టడం లేదు. రోలు చుట్టూ మూడు రోజులు తిప్పినాను, లాభం లేదు. నువ్వు బస్సెక్కిన చోటికి పోయి నిలబడతా ఉండాది. ఒకసారి వచ్చి నీ చేత్తో తిప్పి పో."

బస్సెక్కితే రెండు గంటల్లో ఊళ్ళో ఉంటాను. మా ఇంటాయన గూడా పోయిరమ్మన్నాడు. నాకే సిగ్గేసింది. కోడలు మేక కోసం పుట్టింటికి పరిగెత్తిందని అత్త ఇంకో నెల చెప్పుకొని నవ్వుతాదని. "వచ్చే బేస్తవారం వస్తా నాయనా" అన్నాను. ఆ బేస్తవారం పోలేదు. తర్వాతి బేస్తవారం ఆడబిడ్డ వచ్చింది. నాయన మళ్ళీ ఫోన్ చేసినాడు గానీ మేక ఊసెత్తలేదు. "బాగుండావా" అని అడిగి పెట్టేసినాడు. అప్పుడన్నా నాకు తట్టాల్సింది.

మూడో వారం ఆత్మకూరు మార్కెట్లో అవిసాకు కట్ట కొనుక్కొని పోయినాను. దొడ్లో మేక లేదు. నాయన తలెత్తలేదు. అమ్మే చెప్పింది. "ఎముకలు తేలినాయి. కోతకు ఇయ్యడానికి మనసు రాక, పక్కూళ్ళో పెంచుకునే వాళ్ళకు ఇచ్చేసినాడు. నీ కోసరం పది రోజులు ఆపినాడు."

పక్కూరికి నడిచే పోయినాను. ఆ ఇంటామె కంపతడిక కాడికి ఎదురొచ్చింది.

"తోలుకొచ్చిన రోజే మా రోలు చుట్టూ తిప్పినాము. రెండు రోజులు మొండికేసింది. ఇప్పుడు బాగా తింటా ఉండాది. లోపలికి రామ్మా, చూద్దువు."

మా ఇంట్లో ఎటు తిరిగినా దానికి నా వాసనే. ఇక్కడ ఆ వాసన లేదు. కంప సందులో నుంచి ఎర్ర వీపు కనపడింది. తల వంచుకొని మేస్తా ఉండాది. పిలిస్తే వస్తాది. వస్తే మళ్ళీ మేత మానేస్తాది.

"వద్దులేమ్మా" అని అవిసాకు కట్ట ఆమె చేతికిచ్చినాను. "నేను పోయినాక పెట్టండి. ఆకు బాగా కడిగి పెట్టండి, నా చెయ్యి తగిలుండాది."