అత్తయ్య కాపలా కాసిన వైవా

నా పీహెచ్‌డీ వైవా నాడు తెల్లవారుతూనే గాలివాన వచ్చింది. నూజివీడులో మా ఇంటి వెనక తోటలో కాయలన్నీ రాలిపోయాయి. కరెంటు పోయింది. ఫోన్ సిగ్నల్ మాట్లాడటానికైతే సరిపోతుంది గానీ వీడియో రావడం లేదు. పదకొండింటికి ఆన్‌లైన్‌లో పరీక్ష. మావారు ఆఫీసు పనిమీద ఊరెళ్లారు. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఏడుపు ఆపుకుంటున్నాను. అంతలో మా అత్తగారు చీర మార్చుకుని వచ్చారు.

"లే అమ్మాయ్. మైలవరంలో మా చెల్లెలింట్లో కరెంటూ నెట్టూ ఉన్నాయంట. ఆటో పిలిచాను."

ఆవిడ ఎలిమెంటరీ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆటోలో నేను నోట్సు పేజీలు ఊరికే అటూ ఇటూ తిప్పడం చూసి, "ఏదీ, నీ పాఠమేంటో నాకు చెప్పు, భయం పోద్ది" అన్నారు.

చెప్పాను. ఒక క్వాంటమ్ కణాన్ని వదిలేస్తే కాలం గడిచేకొద్దీ దాని ఉనికి దూరదూరాలకు పరుచుకుంటుంది. కానీ ముందుగా తెలియని ఏదో ఒక క్షణాన దాన్ని మొదటి స్థితికి తెచ్చి మళ్లీ వదిలి, అలాగే చేస్తూపోతే, చివరికి అది ఎక్కడ దొరకడానికి ఎంత అవకాశముందన్నది ఒక తీరున స్థిరపడుతుంది.

"ఎప్పుడు లాక్కొస్తారో దానికి తెలీదా?"

"తెలీదత్తయ్యా."

"అయ్యో పాపం!"

నవ్వొచ్చింది. భయం కొంత తగ్గింది.

మైలవరంలో నన్ను గదిలో కూర్చోబెట్టి, బయట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వాళ్ల చెల్లెలి చేత టీవీ కట్టేయించారు.

వైవా బాగానే సాగుతుండగా ఒక పెద్దాయన అడిగారు: "రీసెట్ చేసినప్పుడల్లా గతం చెరిగిపోతుంది కదా? మరి ఆ స్థిరమైన తీరు ఎక్కణ్నుంచి వచ్చిందమ్మా?"

ఒక్కసారిగా బుర్ర ఖాళీ అయింది. తలుపు అవతల అత్తయ్య ఎవరితోనో "ష్, మా కోడలు పరీక్షలో ఉంది" అంటున్నారు. ఊపిరి పీల్చుకున్నాను.

"ప్రయోగాన్ని చాలాసార్లు చేసి, ఒకే క్షణంలో అన్నిటినీ చూశామనుకోండి. కొన్నిటిలో రీసెట్ ఇప్పుడే జరిగి ఉంటుంది, కొన్నిటిలో ఎప్పుడో జరిగి ఉంటుంది. ఒక్కోదానిలో కణం ఒక్కో దశలో ఉంటుంది. ఆ దశలన్నీ కలిస్తే వచ్చేదేనండీ ఆ తీరు."

ఆయన తలూపారు. కాసేపటికి డాక్టరేట్‌కి సిఫారసు చేస్తున్నామని చెప్పారు.

తలుపు తీసి అత్తయ్యకి చెప్పాను. రెండు చేతులతో నా మొహం పట్టుకుని ఉండిపోయారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు కిటకిటలాడుతోంది. ఒక్క సీటు దొరికితే నన్ను కూర్చోబెట్టి ఆవిడ నిలబడ్డారు. లేవబోతే భుజం నొక్కేశారు.

"కూర్చోవే డాక్టరమ్మా. నేను బడిలో నిలబడే పాఠాలు చెప్పాను."

పక్క సీటాయన నా వైపు తిరిగి, "మోకాళ్ల నొప్పులకి ఏం వాడాలండీ?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య ఏదో నూనె పేరు చెప్పేశారు.