త్రాసు కొక్కేనికి కట్టిన కొమ్ము

నా చిన్నప్పుడు, మా నాయన నా కోసం గంగమ్మకు మొక్కుకున్నాడన్న సంగతి నాకు మొదట చెప్పింది పక్కింటి అక్క. మాది పుంగనూరు. వీధి వైపు మా చిల్లర అంగడి, దాని వెనక ఇల్లు, ఆ వెనక మూటలు పెట్టుకునే కొట్టం. పక్కింటి అక్క మా అంగడికి చింతపండు గింజలు తీసి ఇచ్చేది. ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని గింజలు ఏరుతూ, పొద్దున్నే మా కొట్టంలోంచి బుర్రుబుర్రుమని వచ్చే ఆ చప్పుడు ఏమిటని అడిగాను.

"నీకు తెలీదా పాపా? నువ్వు మదనపల్లె ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీ నాయన గంగమ్మకు మొక్కుకున్న్యాడు. నువ్వు లేసి కూసుంటే వచ్చే జాతరకు తానే కొమ్ము ఊదతానని. ఇప్పుడు నేర్సుకుంటాండాడు," అంది. ఇంకో కాయ చేతిలోకి తీసుకుని, "ఊదకపోతే జరం మళ్ళా వస్తాదేమో," అని తనలో తాను అనుకున్నట్టు అంది.

ఆమె చెడ్డబుద్ధితో అన్న మాట కాదది. నా మీద ప్రేమ ఉన్న మనిషే. కానీ ఏడెనిమిదేళ్ళ పిల్లకు ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. నాయన ఊదగలిగితే నేను బతుకుతాను, ఊదలేకపోతే బతకను అని ఆ పూటే తీర్మానించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

మొక్కు కథ మిగతాది అమ్మ చెప్పగా తెలుసుకున్నాను. అంతకు ముందు ఏడు నాకు విషజ్వరం వచ్చింది. ఊళ్ళో మందులకు తగ్గక మదనపల్లెకు తీసుకుపోయి ఆసుపత్రిలో చేర్చారు. అమ్మ నా దగ్గర ఉండిపోయింది. మార్పు బట్టల కోసం నాయన ఇంటికి వచ్చిన పూట వీధిలో గంగమ్మ జాతర పోతోంది. ఆయన బట్టల మూట చంకలో పెట్టుకుని అరుగు మీదే ఆగిపోయాడు. పొంగళ్ళు పెడతామని, తలనీలాలు ఇస్తామని, పిండిదీపాలు మోస్తామని మొక్కుకోవడం మా ఇళ్ళలో మామూలే. ఆ క్షణాన అవేవీ ఆయనకు తోచలేదు. సరిగ్గా అప్పుడే ఆయన ఎదుట ఇత్తడి కొమ్ము మోగింది. మేము ఎనుమనే బర్రె కొమ్ములాగా వంపు తిరిగి, మనిషి తల మీదుగా ఎత్తుగా లేచే బూర అది. జాతరలో తప్పెట్లకు ముందు నడుస్తూ దాన్ని ఊదుతారు. ఆ మోతకు నాయన ఒళ్ళు జలదరించి, "నా బిడ్డ లేసి కూసుంటే వచ్చే ఏడు నీ ముందర నేనే ఊదతా తల్లీ," అనేశాడట. మరుసటి పొద్దున నేను కళ్ళు తెరిచి గంజి అడిగానట.

ఇక్కడ మా నాయన గురించి ఒక మాట చెప్పాలి. నలభై దాటిన మనిషి. ఈల వేయడం కూడా చేతకాదు. గొంతు ఎంత మెల్లనిదంటే, అంగడికి వచ్చినవాళ్ళు "ఏమంటివి సెట్టీ?" అని రెండోసారి అడగాల్సిందే. అటువంటి ఆయన ఊరంతా వినబడే వాద్యాన్ని మొక్కుకున్నాడు.

ఆ రోజు జాతరలో కొమ్ము ఊదింది ఊరి చివరి పల్లెలో ఉండే ముసలాయన. పిల్లలం ఆయనను కొమ్ముతాత అనేవాళ్ళం. కొమ్ములు జంటగా ఊదుతారు. ఆయన జతగాడైన తమ్ముడు కూలిపనికి బెంగుళూరు వెళ్ళిపోవడంతో రెండో కొమ్ము ఊరికే ఉండింది. నాయన వెళ్ళి అడిగితే దాన్ని బట్టలో చుట్టి ఇచ్చాడు, నేర్పడానికి ఒప్పుకున్నాడు.

కొమ్ము ఇంటికి రాగానే మా అవ్వ గడపకు అడ్డంగా నిలబడింది. "ఆయప్ప తమ్ముడు నోట్లో పెట్టుకున్న్యది నువ్వు నోట్లో పెట్టుకుంటావా? ఆయప్ప చేతనే ఊదించి పక్కన నువ్వు టెంకాయ కొట్టు. గంగమ్మేమీ అనుకోదు," అంది.

"మొక్కుకున్న్య నోరు నాది గదమ్మా. ఊదాల్సిందీ అదే," అన్నాడు నాయన. ఆయన అవ్వకు ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు. చెప్పింది కూడా ఎప్పటి మెల్లని గొంతుతోనే.

అవ్వ కొన్నాళ్ళు మూతి ముడుచుకుంది. తర్వాత ఒక పొద్దున ఆ కొమ్మును తానే బావి దగ్గరికి మోసుకుపోయి, చింతపండు వేసి తోమడం మొదలుపెట్టింది. తోముతున్నంతసేపూ నాయనను, వాళ్ళ నాయనను, ఆ వంశాన్నంతా తిట్టింది. తిట్లు అయిపోయేసరికి కొమ్ము బంగారంలా మెరిసింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎంగిలి మాట వినబడలేదు.

నేర్చుకోవడం బొప్పాయి ఆకు కాడతో మొదలైంది. పక్కింటి అక్కను నేను అడిగిన బుర్రుబుర్రు చప్పుడు అదే. పెదాలు దగ్గరగా మూసి, వాటి మధ్యనుంచి గాలి వదిలితే పెదాలు అదరాలి. "సద్దు కొమ్ములో లేదు సామీ, నీ పెదాల్లో ఉండాది. కొమ్ము దాన్ని పెద్దది సేస్తాది, అంతే," అనేవాడు కొమ్ముతాత. నాయన ఆయనను అయివారూ అని పిలిచేవాడు. మా వైపు చదువు చెప్పే పంతుళ్ళను పిలిచే పిలుపు అది. సరుకులకు వచ్చినవాళ్ళు ఆ పిలుపు విని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ముసలాయన ఇబ్బందిపడి, "వద్దు సామీ, జనం నవ్వుతారు," అన్నాడు.

"నేను ఊదేది ఇన్నా నవ్వుతారు గదా అయివారూ. రెండిటికీ కలిపి నవ్వుకోనీ," అన్నాడు నాయన.

అన్నట్టుగానే నవ్వారు. కాడ వదిలి కొమ్ము పట్టుకున్నాక చాలా రోజులు వట్టి గాలే వచ్చింది. తర్వాత ఎప్పుడో ఒక అరుపు వచ్చింది. తక్కిన ఏ విద్య అయినా నలుగురికీ తెలియకుండా తప్పులు చేస్తూ నేర్చుకోవచ్చు. కొమ్ముకు ఆ వసతి లేదు. ఎదురు సోడా అంగడాయన నాయన బయటికి రాగానే, "ఏమప్పా సెట్టీ, ఎనుము ఈనతా ఉండాదా?" అని అడిగేవాడు. "ఎనుమైతే ఈపాటికి ఈనేసుండు లే," అని ఇంకొకరు అందుకునేవాళ్ళు. నాయన వాళ్ళతో పాటు నవ్వి త్రాసు అందుకునేవాడు.

నేను మాత్రం నవ్వలేకపోయాను. జ్వరం తర్వాత నన్ను బడికి పంపలేదు. నాయనే అక్షరాలు దిద్దించేవాడు. పొద్దున్నే పలక పట్టుకుని కొట్టంలో రాగిమూట మీద కూర్చునేదాన్ని. కొమ్ము మోగనప్పుడల్లా నా చేయి దానంతట అదే నుదుటి మీదికి పోయేది, వేడి తగులుతోందా అని.

కొమ్ముతాత కంట అది ఒకరోజు పడింది. "యాలమ్మా, మాటిమాటికీ తల పట్టుకుంటాండావు?" అని అడిగాడు. నాయన అంగడి తెరవడానికి వెళ్ళిపోయాడు కాబట్టి ఆయనకు చెప్పేశాను. ముసలాయన నా ఎదుట గొంతుక్కూర్చుని అంతా విన్నాడు. "గంగమ్మ ఇచ్చి ఎనక్కి తీసుకునే మనిషి కాదమ్మా. నువ్వు లేసినందుకు మీ నాయనకు సంతోసం. ఆ సంతోసాన్ని ఊదతాండాడు. జరానికి బయపడి కాదు," అన్నాడు. నేను తల ఊపాను. కానీ నమ్మలేదు. పక్కింటి అక్క మాటే నాకు నిజమనిపించింది.

జాతర దగ్గరికి వస్తున్నకొద్దీ నాయన కొమ్మును మూతికి అదిమి ఊదడం ఎక్కువైంది. పెదాల మీద గుండ్రంగా అచ్చు పడింది. వేడి కాఫీ తాగలేక చల్లార్చుకుని తాగేవాడు. కొమ్ముతాత ఆ అచ్చు చూసి, ఒక తాడు అడిగాడు. కొట్టం దూలానికి పెద్ద త్రాసు తగిలించే కొక్కెం ఉండేది. దానికి కొమ్మును నాయన మూతి ఎత్తుకు వేలాడగట్టి, "సేతులు ఎనక పెట్టుకో సామీ. ఇప్పుడు ఊదు," అన్నాడు.

నాయన మూతి ఆనించి అదిమాడు. కొమ్ము అటు పోయింది. అడుగు ముందుకేసి మళ్ళీ ఆనించాడు. అది ఊగుతూ తిరిగి వచ్చి ముక్కుకు తగిలింది. నాకు నవ్వాగలేదు. నాయన ముక్కు రుద్దుకుంటూ తానూ నవ్వాడు.

"నెడితే పోతాది సామీ. నిద్దరపోయే బిడ్డకు ముద్దు పెట్టేటప్పుడు బుగ్గ ఎట్ల తాకతావో, అట్ల తాకు. మిగిలింది గాలి సూసుకుంటాది," అన్నాడు కొమ్ముతాత.

ఆ పాఠం నాయన ఒంటికి పట్టడానికి చాలా పొద్దులు పట్టింది. ఒకనాడు నేను గుణింతాలు రాస్తుండగా, కొట్టం నిండా ఒక్క మోత, ఎక్కడా విరగకుండా, పెద్దగా లేచింది. మూటల మీది పిచ్చుకలు బయటికి ఎగిరిపోయాయి. కొమ్ము తాడుకు వేలాడుతూ కదలకుండా ఉంది. నాయన చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. అమ్మ వంటింట్లోంచి వచ్చి గడపలో నిలబడి దండం పెట్టింది.

జాతర రోజు ఎండ మండిపోతోంది. వీధంతా వేపాకు, పసుపునీళ్ళు, జనం. ముందర కొమ్ముతాత, ఆయన పక్కన పంచె కట్టి, నడుముకు కండువా బిగించుకుని మా నాయన, వాళ్ళ వెనక తప్పెట్లవాళ్ళు. ఇద్దరూ కలిసి ఊదాలని అనుకున్నారు. నాయన ఎక్కడైనా తడబడితే అయివారి కొమ్ము కప్పేస్తుందని మా అందరి ధైర్యం.

తప్పెట్లు మొదలయ్యాయి. నిశ్శబ్దంగా ఉండే కొట్టంలో నేర్చుకున్న నాయనకు ఆ మోతలో తన ఊపిరి తనకే వినబడలేదు. గాబరాపడి కొమ్మును మూతికి అదిమేశాడు. బుగ్గలు ఉబ్బుతున్నాయి, మెడ నరాలు లేస్తున్నాయి, కొమ్ములోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. పక్కన కొమ్ముతాత కొమ్ము ఘనంగా మోగుతోంది. అరుగుల మీది జనం ఇద్దరూ ఊదుతున్నారనుకుని చేతులు జోడిస్తున్నారు. సోడా అంగడాయన కూడా, "పరవాల్యా, సెట్టి నేర్సినాడప్పా," అన్నాడు. నాయనకు తెలుసు, తన మొక్కు తీరడం లేదని. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నాకూ తెలిసింది. నుదుటి మీద చేయి పెట్టుకున్నాను. కాలిపోతోంది. అవ్వ చీర పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాను.

కొమ్ముతాత ఊదుతూనే ఇటు చూశాడు. వెంటనే కొమ్ము దించి చేయెత్తాడు. తప్పెట్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. "యాల నిలిపిరప్పా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. ఆయన నేరుగా మా దగ్గరికి వచ్చి చేయి చాపాడు. మా అవ్వ ఒక్క క్షణం ఆయనను చూసి, నా చేతిని ఆయన చేతిలో పెట్టింది. ఆయన నన్ను తీసుకుపోయి నాయనకు ఎదురుగా, చేయి చాపితే అందేంత దగ్గరలో నిలబెట్టాడు.

"సామీ, ఊరికంతా ఊదొద్దు. ఈ పాపకు ఇనపడితే సాలు. గంగమ్మ ఈడనే ఉండాది, ఇంటాది," అన్నాడు.

నాయన నన్ను చూశాడు. బిగుసుకున్న ఆయన భుజాలు మెల్లగా దిగాయి. కొమ్మును మళ్ళీ మూతికి ఆనించాడు, ఈసారి అదమలేదు. మొదట ఒక సన్నటి కీచు వచ్చి విరిగిపోయింది. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. తర్వాత వచ్చింది మోత. అది గొప్ప మోతేమీ కాదు. కానీ అంత నిశ్శబ్దంలో అది ఒక్కటే ఉంది, మా నాయనదే. అది నా ఎదురొమ్ములో అదిరింది. చుట్టూ ఉన్నవాళ్ళ చేతులు పైకి లేచాయి. అవ్వ గట్టిగా గంగమ్మ పేరు తలిచింది.

కొమ్ముతాత వంగి నా నుదుటి మీద అరచేయి పెట్టాడు. "సెప్పమ్మా, జరమా ఎండా?"

"ఎండే తాతా," అన్నాను.

తప్పెట్లు మళ్ళీ అందుకున్నాయి, నాయనకు తన ఊపిరి తనకు వినబడేటంత మెల్లగా. వీధి పొడవునా నాయన ఆగి ఆగి ఊదుకుంటూ నడిచాడు. ఆయన ఎదుట వెనక్కి నడుస్తూ నేను. అమ్మవారి గుడి చేరేవరకు కొమ్ముతాత తన కొమ్మును మళ్ళీ నోటికి ఎత్తలేదు. భుజాన వేసుకుని నాయన పక్కనే నడిచాడు.

తర్వాత నాయన ఎన్నడూ కొమ్ము పట్టలేదు. నాకు పెళ్ళయి కుప్పం వచ్చి చాలా ఏళ్ళయింది. ఇక్కడ మా ఇంటి దగ్గర సాయంత్రాలు ఆడవాళ్ళం భజన చేస్తాం. నా గొంతూ నాయన గొంతులాంటిదే. పెద్దగా పాడాలని ప్రయాస పడను. పక్కనున్న ఒక్కరికి వినబడితే దేవుడికీ చేరుతుందని నాకు గట్టి నమ్మకం. నా పిల్లల జబ్బులకు నేనూ మొక్కులు మొక్కుకున్నాను, తీర్చుకున్నాను. ఏ మొక్కూ భయంతో తీర్చలేదు. ఇచ్చిన తల్లికి నా సంతోషం చెప్పుకోవడానికే వెళ్ళాను. పొద్దున లేచి ఒంట్లో బాగుందనిపించిన ప్రతిసారీ అంతే సంతోషంగా దండం పెట్టుకుంటాను. ఆ రోజు నాకు మిగిల్చిన ఆస్తి ఇదే.

నాయనను తలుచుకోవడానికి మేమంతా ఉన్నాం. కొమ్ముతాత తమ్ముడు బెంగుళూరు నుంచి తిరిగి రాలేదు. తాత పోయాక ఆ ఇంట్లో కొమ్ము పట్టినవాళ్ళు లేరని విన్నాను. జాతర అంటే ఆయనకు, ఏడాదికి ఒక్కసారి ఊరంతా తనను వినే రోజు. ఆ రోజును మాకిచ్చేసి ఊరుకున్నాడు. ఇది చదివే అమ్మలను, అప్పలను ఒకటే అడుగుతున్నాను. ఎప్పుడైనా మీ వీధిలో జాతర పోతూ కొమ్ము మోగితే, చేతులు జోడించేటప్పుడు, ఊదగలిగి ఉండీ ఊదకుండా మా నాయన పక్కన నడిచిన ఆ ముసలాయనను కూడా ఒక్కసారి తలుచుకోండి.