పాట చివర చెప్పిన పేరు

మొన్న విశ్వవిద్యాలయంలో మా విభాగం మెట్ల మీద ఒక విద్యార్థిని ఫోనులో పాత గ్రామఫోను పాట పెట్టింది. పోపులో ఆవాలు పేలుతున్నట్టు ఒకటే చిటపట. దాని వెనక సన్నని ఆడగొంతు. పాట ముగియగానే ఆ గొంతు తన పేరు చెప్పుకుంది. "వందేళ్ల నాటిది మేడం, నాటకాలామె!" అంది పిల్ల సంబరంగా. "ఆమేనని నీకెవరు చెప్పారు?" అన్నాను. పాపం, దాని మొహం చిన్నబోయింది. నోరు నాదే గాని, ఆ మాట మా సువార్త మేడంది.

సువార్త మేడం నా పరిశోధనకు గైడు. తెనాలి వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డారు. తొలినాటి రంగస్థల గాయనుల రికార్డులు సేకరించి విభాగానికి పట్టిక తయారు చేసేవారు. పాలవాణ్ణీ, పాస్టరుగారినీ ఒకేలా అనుమానంగా చూసేవారు. "నాటకాలవాళ్ళు చెప్పిన వయసూ, పతకమిచ్చిన జమీందారూ, రెండూ నమ్మకు. కొన్ని పతకాలు వాళ్ళే చేయించుకుని తగిలించుకునేవాళ్ళు" అనేవారు. నిజం నిలకడ మీద తెలుస్తుంది కదా మేడం అని ఒకసారి అన్నాను. "అబద్ధం ఇంకా నిలకడగా ఉంటుందమ్మా" అన్నారు నవ్వకుండా. ఆవిడ దగ్గర నాకు ఊపిరాడేది కాదు. ఆవిడ మెచ్చుకుంటారేమోనన్న ఆశా చావలేదు.

ఒకరోజు మెట్టుగూడ నుంచి యాదగిరి అనే రిటైరైన రైల్వే ఉద్యోగి తువ్వాలులో చుట్టిన రికార్డుతో మేడం ఇంటికి వచ్చాడు. లేబుల్ మీద అప్పట్లో పెద్ద పేరున్న నటి పేరుంది. "గిది మా నాయనమ్మ పాడింది మేడం. పల్లె నుంచి బతకనొచ్చిన పేదామె. కంపెనోళ్లు అమ్ముడువోవాలని గామె పేరు పెట్టిన్రు. మీ పట్టికల మా నాయనమ్మ పేరు రాస్తే చాలు, ఇంకేమొద్దు" అన్నాడు. నేను వెంటనే కరిగిపోయాను. మేడం మాత్రం ఆయన్ని పైనుంచి కిందికి చూసి, రికార్డును గ్రామఫోను మీద పెట్టారు.

ఆ రోజుల్లో పాట చివర పాడినవాళ్ళే తమ పేరు చెప్పేవారు, దూరదేశంలో రికార్డు అచ్చు వేసేవాళ్ళకు ఏ పాట ఎవరిదో తెలియాలని. మేడం ఆ చివరి ముక్కే మళ్ళీ మళ్ళీ పెట్టారు. మా కాఫీలు చల్లారిపోయాయి. "విన్నావా? ఆఖరి చరణంలో ఈవిడకి ఊపిరి అందడం లేదు. మరుక్షణమే అంత తీరిగ్గా పేరెలా చెప్పింది? పాడింది ఒకరు, పేరు చెప్పింది ఇంకొకరు" అన్నారు. యాదగిరి కళ్ళు నిండాయి. "నేను జెప్పలేదా మేడం!" అన్నాడు.

"లేబుల్ అబద్ధమని తేలింది. మీ నాయనమ్మ అని తేలలేదు" అన్నారు మేడం.

"మా అక్కకు గీ పాట మొత్తం వస్తది. నాయనమ్మే నేర్పింది."

"రికార్డు విని నేర్చుకుని ఉండొచ్చుగా?"

యాదగిరి రికార్డు మళ్ళీ తువ్వాలులో చుట్టాడు. "పెద్ద పేరుంటే లేబుల్ జూసే నమ్మిన్రు. మాకైతే సాక్ష్యం కావాల్నా మేడం?" అన్నాడు. మేడం గ్రామఫోను మూత వేశారు. కానీ మర్నాడు పట్టికలో ఆ పాటకున్న పెద్ద పేరు కొట్టేసి, "గాయని: తెలియదు" అని రాశారు. ఆ నటి అభిమానులు విభాగానికి వచ్చి నానా మాటలు అన్నా చలించలేదు. యాదగిరి మళ్ళీ రాలేదు. ఆయన పోయాడని తరువాతెప్పుడో విన్నాను.

అది నిజాయితీయా, లేక పల్లె నుంచి వచ్చిన పేదామె అంత బాగా పాడి ఉంటుందని మేడంకి మనసొప్పలేదా? అడిగే ధైర్యం రాకముందే మేడమూ కన్నుమూశారు. ఆవిణ్ణి అనుమానించడం కూడా ఆవిడ నేర్పిన విద్యే.

ఇప్పుడు ఆ పట్టిక నా చేతిలో ఉంది, కంప్యూటర్లో. మొన్న ఆ పిల్ల వెళ్ళిపోయాక తెరిచి, "తెలియదు" చెరిపేసి, యాదగిరి చెప్పిన పేరు టైపు చేశాను. నీకెవరు చెప్పారు? మనవడు చెప్పాడు. మనవడు చెబితే సరిపోతుందా? సిగ్గుతోనే చెబుతున్నాను, మళ్ళీ "తెలియదు" అనే పెట్టాను. పట్టికలో నా చేతులు రాయలేని ఆ పేరు లచ్చమ్మ.