పురుటికొచ్చిన చేపలు

ఆ కాలంలో మా వైపు చావడం కూడా తీరిగ్గా చేసే పనే. ఇప్పటిలాగా మనిషిని అంబులెన్సులో వేసి ఊరు దాటించి, గాజుతలుపుల అవతల కానిచ్చేసి, మూటగట్టి తెచ్చి అప్పజెప్పే పద్ధతి లేదు. ఎవరైనా సరే నడింట్లో మంచం మీదే పోవాలి. ఆ పోవడం చూడ్డానికి చుట్టాలందరూ దిగి, చుట్టూ కూర్చొని, తింటూ తాగుతూ, ‘ఎంత మంచి మనిషో పాపం’ అని బతికుండగానే చెప్పుకొని, ఇంకా పోలేదేమిటని లోలోపల విసుక్కొనేవాళ్లు. మా అవ్వ, అంటే మా బాపును కన్నతల్లి, అలాగే పోయింది. నాకప్పుడు పందొమ్మిదేళ్లు ఉంటాయేమో. మెట్రిక్ ఒకసారి తప్పి, రెండోసారి తప్పడానికి గట్టిగా కృషి చేస్తున్నాను. మక్తల్‌కు బండిదారిలో ఉన్న మా పల్లెలో మందుసీసా మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే గనక, నా అంత తెలివైనవాడు ఆ చుట్టుపక్కల లేడని నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ ఉన్నట్టు దాఖలా లేదు.)

అంతకుముందు రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. గాదెలో జొన్నలు అడుగంటి, పొద్దున ఇంత జొన్నగట్క, రాత్రికి మంచినీళ్లు అన్న స్థితికి వచ్చాం. ఆ ఏడు మాత్రం మృగశిర కార్తెలో నేల తడిసేలా వాన పడింది. సరిగ్గా ఆ వానతోనే అవ్వ మంచం పట్టింది. విత్తనాలు సిద్ధంగా ఉన్నాయి, ఎద్దులు సిద్ధంగా ఉన్నాయి, విత్తే గొర్రు సిద్ధంగా ఉంది. కానీ తల్లి కొనప్రాణంతో ఉంటే కొడుకు చేనికి పోయి విత్తనం వేస్తాడా? ఆఖరి నీళ్లు నోట్లో పోయవలసినవాడు ఆయనే కదా! పోయిందా, మైల. పోలేదా, ఈ కాపలా. అటు చేనిలో పదును ఆరిపోతూ ఉంది. బాపు గడపలో కూర్చొని ఒకసారి మబ్బును చూసేవాడు, ఒకసారి తల్లిని చూసేవాడు, తరువాత బీడీ ముట్టించేవాడు. ఆయన మనసులో ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు మరీ బాగా తెలుసు. అందుకే తలెత్తేవాడు కాదు.

ఇంక పెత్తనమంతా మా పెద్దత్తది. బాపుకు అక్క, అవ్వకు పెద్దకూతురు. ఊళ్లో ఎవరు పోతున్నా దగ్గరుండి సాగనంపిన అనుభవం ఆవిడది. అవ్వ నాడి పట్టి చూసి, “ప్రాణం దేనిమీదనో కొట్టుకుంటాంది. మనసులున్నది నోట్లె పడితే హాయిగ పోతది” అని తేల్చింది. ముందు ఆవుపాలు పోశారు. అవ్వ తాగింది, పోలేదు. ఈతకల్లు పోశారు. తాగింది, ఇంకాస్త పోయమన్నట్టు నోరు తెరిచింది. మేకమాంసం ఉడికించి ఆ నీళ్లు పట్టారు. మక్తల్ సంతనుంచి జిలేబి వచ్చింది, గోలీ సోడా వచ్చింది (ఆ సోడా కొడితే వచ్చిన కుయ్‌మనే చప్పుడుకు పక్కింటి ముసలాయన ప్రాణం పోయినంత పనైంది), చాయ వచ్చింది, ఆకూవక్కా వచ్చాయి. రెండేళ్లుగా కడుపునిండా తిండి ఎరగని మనిషి! వారం తిరిగేసరికి బుగ్గలకు రంగొచ్చింది. దిండుకానుకొని కూర్చొని, “ఏమే, గా జిలేబి అయిపాయెనా?” అని అడిగింది. పెద్దత్త వంటింట్లోకి పోయి, “అమ్మకు పోను మనసు లేదురా, తిన మనసున్నది” అని బాపుతో అంది. నవ్వాలో ఏడవాలో తెలియక ఆయన చెంబెత్తి నీళ్లు తాగాడు.

కానీ ఆ కళ మూణ్ణాళ్ల ముచ్చటే అయింది. అవ్వ మళ్లీ వాలిపోయింది. ఈసారి ఏం పోసినా పెదవి చివరనుంచి జారిపోయింది. పెద్దత్త చెవి దగ్గర వంగి, “అమ్మా, ఏం కావాలె? నోరు తెరిచి చెప్పు. యాడున్నా తెప్పిస్త” అని గట్టిగా అడిగింది. అవ్వ, “గడ్డమీది వాలుగచేప. పచ్చిది, ఇప్పుడు పట్టింది. మా తమ్మునికి చెప్పుండ్రి” అంది.

గడ్డ అంటే అవ్వ పుట్టిల్లు. కృష్ణ అక్కడ రెండు పాయలుగా చీలి మళ్లీ కలుస్తుంది. ఆ నడుమ మిగిలిన నేలమీద కొన్ని ఇండ్లు, చేన్లు, చింతచెట్లు. ఎవరు రావాలన్నా పోవాలన్నా పుట్టిలోనే. అక్కడ అవ్వ తమ్ముడు ఉండేవాడు, మేము గడ్డతాత అనేవాళ్లం. ఆయన నేనెరిగినంతలో మా ఇంటికి ఒక్కసారీ రాలేదు. ఆయన పంపేవి మాత్రం వచ్చేవి. ఎండాకాలం ఇసుకలో పండిన దోసకాయలు, చలికాలం చేపలు, పండగకు బెల్లం, ఎవరో ఒకరి నెత్తిన. మనిషేడీ అంటే, “ఏరు దాటి నేలమీద నడిస్తే ఆయనకు కండ్లు తిరుగుతయంట” అని మోసుకొచ్చినవాడు చెప్పేవాడు. వానాకాలంలో చేపలు రావు. ఏరు వచ్చింది కాబోలు అనుకొనేవాళ్లం.

బాపు కదలడానికి లేదు గనక నన్ను పంపారు. అవ్వ ఆఖరి కోరిక నా చేతిలో ఉంది. పొయ్యేలోపల తేగలనా లేదా అన్న గుబులుతో కంటినిండా నీళ్లు పెట్టుకొనే బయలుదేరాను. రేవుకు చేరి నదిని చూశాక ఆ కన్నీళ్లు ఎటు పోయాయో తెలియదు. ఎర్రటి కొత్తనీరు! ఊరబావి తప్ప వేరే నీళ్లెరగని మెట్టప్రాంతం వాణ్ణి. దాంట్లో ఒక తోలు గంప, అదీ పుట్టి అంటే. ముందు వెనక అంటూ లేని ఆ గుండ్రటి వాహనం పోతుందా అంటే పోదు, తిరుగుతుంది. ఆకాశం తిరిగింది, ఒడ్డు తిరిగింది, పొద్దున తిన్న గట్క కూడా తిరిగి వచ్చింది. భయం పోవడానికి పన్నెండో ఎక్కం అందుకున్నాను. తెడ్డు వేసేవాడు, “ఏం మంత్రం సారూ గది?” అని భక్తిగా అడిగాడు. పన్నెండు ఏడులు ఎంతో గుర్తురాక నేను కళ్లు మూసుకున్నాను.

గడ్డమీద కాలు పెట్టగానే ఒకటి గమనించాను. అందరూ మెల్లగా మాట్లాడుతున్నారు. ఇండ్లకు దిగువనున్న మడుగు దగ్గర బట్టలుతకడం లేదు, పిల్లలు రాళ్లు విసరడం లేదు, వలలన్నీ చుట్టచుట్టి చూర్లో పెట్టి ఉన్నాయి. బక్కగా, పొడుగ్గా ఉన్న గడ్డతాత నన్ను కౌగలించుకొని, అక్క సంగతి విని ఏడ్చి, చేప మాట వినగానే రాయిలా నిలబడిపోయాడు. “ఇప్పుడా? కొత్తనీళ్లల్లనా? గిప్పుడు ఏ చేప కడుపు చూసినా గుడ్లే ఉంటయి బిడ్డా. పురుటికొచ్చిన ఆడబిడ్డలవి. ఎక్కడెక్కడికెల్లో ఎదురీదుకుంట ఈడిదాంక వస్తయి. కడుపుతోటి ఇంటికొచ్చినదాన్ని కోసుకతింటమా? గీ రెండు నెలలు గడ్డమీద ఎవ్వడు వల ముట్టడు. మా తాతల కాలంకెల్లి ఇంతే.”

“అవ్వ చచ్చిపోతున్నది తాతా” అన్నాను.

“అదే గదా నా బాధ. ఆమె గూడ గీ ఇంటి ఆడబిడ్డనే గదా! పుట్టింటోడిని నోరు తెరిచి అడిగింది, లేదంటనా? కోడిని తీస్కపో, మేకను తీస్కపో. పాలిచ్చే బర్రెను తోల్కపో. ఎండుచేపలు గంపెడున్నయి. గది తప్ప ఇంకేదన్న అడుగు” అంటూ ఆయన తలపట్టుకొని అరుగుమీద కూర్చున్నాడు.

పొద్దున లేచేసరికి నా తెలివి కూడా లేచింది. వీళ్లదంతా చాదస్తం, ఒక్క చేప పోతే ఏరు ఎండిపోతుందా అనుకొని, భుజంమీది తువ్వాల తీసుకొని మడుగు అంచుకు పోయాను. మోకాలిలోతు నీళ్లలో గడ్డి నడుమ పెద్ద వాలుగ ఒకటి కదలకుండా ఉంది. ఎంత మెల్లగా పోయానో నాకే తెలుసు. తువ్వాల పరిచి పైనబడ్డాను. అది తోకతో నా చెంపమీద ఒక్కటిచ్చింది. మా లెక్కల మాస్టారు కూడా ఎప్పుడూ అంత గట్టిగా కొట్టలేదు. నేను బురదలో వెల్లకిలా పడ్డాను, తువ్వాల ఏటిపాలైంది. లేద్దామంటే చెవి ఎవరి చేతిలోనో ఉంది. నీళ్లకొచ్చిన ఒక ముసలమ్మ! “సిగ్గులేదుర నీకు? బాలింతరాలు కావాల్సినదాన్ని పట్టుకుంటవా? ఎవ్వని మనుమనివి నువ్వు?” అంటూ చెవి వదలకుండా గడ్డంతా నడిపించి తాత ముందు నిలబెట్టింది. ఆడవాళ్లందరూ వాకిళ్లలోకి వచ్చి చూశారు. ఒళ్లంతా బురద, ఏడుపు ఆగడం లేదు. ఆ ఏడుపు అవ్వ కోసమో చెవి కోసమో చెప్పలేను.

తాత నన్ను కోప్పడలేదు. నీళ్లు పోసి కడిగి, పొడిబట్ట ఇచ్చి, “నేను నోటితోని లేదనకపోతే నువ్వు గిట్లనే చేస్తవ్. లేదన్నమాట నీతోని పంపుడు గూడ మంచిగుండదు. సచ్చేదాని ముంగట నిలబడి నేనే చెప్పాలె. పద” అని పంచె ఎగ్గట్టాడు.

పుట్టిలో సరదాగా నిలబడి వచ్చిన మనిషి ఒడ్డున దిగగానే నా భుజం పట్టుకున్నాడు. నిజంగానే గడ్డ దాటితే ఆయనకు నేల పడదు. నాలుగడుగులు వేస్తాడు, ఊగుతాడు, “జర ఆగు బిడ్డా, భూమి కదులుతాంది” అంటాడు. బండిలో కూర్చోబెడితే వాంతి చేసుకున్నాడు. నా పుట్టి ప్రయాణం గుర్తొచ్చి నవ్వుదామనుకున్నాను గానీ ఆ ముసలిముఖం చూస్తే నవ్వు రాలేదు. ఈ నత్తనడకలో అవ్వను అందుకోలేమని గుండె పీకుతూనే ఉంది. ఇంటి మలుపు తిరిగేదాకా ఏడుపులు వినబడతాయేమోనని చెవులు రిక్కించాను.

అవ్వ ఉంది. పెద్దత్త ఎదురొచ్చి మా చేతులు చూసింది. “చేప ఏది?” తాత గోడ పట్టుకొని పోయి మంచం పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

“అక్కా, నేను.”

అవ్వ కళ్లు మూసుకొనే ఉంది. “తెచ్చినవా?”

“తేలే. అవి పురుటికొచ్చినయ్ అక్కా. నా చేతులు రాలే. తిడతవో, శాపం పెడతవో, నీ ఇష్టం. లేదని చెప్పనీకే వచ్చిన.”

పెద్దత్త నెత్తి కొట్టుకుంది. “పొయ్యే మనిషికి లేదని చెప్పనీకి ఇంతదూరం వస్తివా మామా? ఆమె ప్రాణం ఇంక ఎట్ల పోవాలె?”

అవ్వ కళ్లు తెరిచింది. తమ్ముణ్ణి ఎంతోసేపు చూసింది. తరువాత ఆ ముఖంలో నవ్వు కనిపించింది. చిన్నపిల్ల నవ్వు, దొంగనవ్వు. “నేను గడ్డమీద పుట్టినదాన్నే గదరా. కొత్తనీళ్లల్ల చేప పట్టరని నాకు తెల్వదా? నా పెండ్లైనకాడికెల్లి చేపలు పంపుతివి, దోసకాయలు పంపుతివి, బెల్లం పంపుతివి. ఒక్కపారన్న నువ్వొస్తివా? ఉన్నది అడిగితే ఎవ్వని నెత్తినన్న పెట్టి పంపుతవ్. లేనిది అడిగితెనే గదా, లేదని చెప్పనీకి నువ్వొచ్చేది!”

గడ్డతాత ఆమె కాళ్లమీద తలపెట్టి, “ఎంతపని చేస్తివే అక్కా” అని గొల్లుమన్నాడు. అవ్వ ఆయన నెత్తిమీద చెయ్యి వేసి, “ఏడువకు, కండ్లు తిరుగుతయి” అని, కూతురి వైపు చూసి, “వానికి జర చాయ పొయ్యవే” అంది. ఆ సాయంత్రమంతా ఇద్దరూ ఏవో పేర్లు, ఏవో వరదలు చెప్పుకుంటూ కూర్చున్నారు. మరునాడు పశువులు విప్పే వేళకు అవ్వ పోయింది. బాపు నీళ్లు పోశాడు, తాత చెయ్యి పట్టుకొని ఉన్నాడు.

బాపుకు, మా ఇంటిల్లిపాదికీ మైల. తాతకు, అవ్వ పెండ్లి చేసి ఇచ్చేసిన ఆడబిడ్డ గనక, మైల తొందరగానే తీరిపోయింది. నడుమ ఇంకో వాన పడడం మా అదృష్టం. నేలమీద నిలబడలేని ఆ మనిషే మా ఎద్దులను కట్టి, గొర్రు పట్టి, ఊగుతూ ఊగుతూ చేనంతా విత్తి గడ్డకు పోయాడు. మొలకలొచ్చాక చూడాలి ఆ సాళ్లు! పాము పోయినట్టు వంకరటింకరగా ఉండేవి. దారినపోయేవాళ్లు ఆగి, “గొర్రు పట్టినోడు కల్లుకుండతోని పట్టిండా?” అని అడిగేవాళ్లు. పంట మాత్రం పండింది. ఆ ఏడు మేం కడుపునిండా తిన్నాం, తిన్నప్పుడల్లా ఏడ్చాం కూడా.

ఇప్పుడు నాకు అవ్వ వయసు దాటింది. కొత్తకోటలో మా చెల్లెలుంది. దానికి మోకాళ్లు, నాకు నడుము. చూసుకొని ఏళ్లయింది. కానీ మంచిది, మరిచిపోదు. పచ్చడి, నువ్వులుండలు, నొప్పులనూనె ఎవరో ఒకరి చేత పంపుతూనే ఉంటుంది. మొన్న కార్తీకంలో ఫోన్ చేసి, “ఏమన్న కావాల్నా అన్నా?” అంది. ఏం వద్దనబోయి ఆగాను. బుర్రంతా గాలించి, నా తెలివికి నేనే మురిసిపోతూ, “మామిడిపండు తినాలనుందమ్మా” అన్నాను. “ఓస్, గంతేనా? గీడ అన్ని దినాలు దొరుకుతున్నయి. రేపే పంపుత” అంది.

అన్నట్టే మరునాడు ఎవరో కుర్రాడు బండిమీద వచ్చి ఇచ్చిపోయాడు. పండు తియ్యగానే ఉంది. ఒక్కణ్ణే వసారాలో కూర్చొని, నాలో నేను నవ్వుకుంటూ తిన్నాను.